నల్లప్ప చేతులు

నల్లప్ప నీళ్ళతొట్టిలో రెండు చేతులూ పెట్టి మూడో మెదడును పైకి తీశాడు. నిన్న సాయంత్రం నుంచి నీళ్ళలో నానుతున్నా ఫార్మలిన్ ఘాటు పోలేదు. కళ్ళు చెమర్చాయి. ఇరవై మూడేళ్ళుగా చేస్తున్న పనే అయినా ముక్కుకు అలవాటైంది గాని కళ్ళకు కాలేదు. అరచేతులు రెండూ దోసిలిలా పట్టి, నీళ్ళు కారిపోయేదాకా ఆగి, స్టీలు పళ్ళెంలో పరిచిన తడిగుడ్డ మీద దాన్ని దించాడు. గట్టిపడిన జున్నులా ఉంది. మడతల మధ్య నీళ్ళు నిలిచి ట్యూబులైటు వెలుగులో మెరిశాయి. అడుగున రెండు అగ్గిపుల్లల్లాంటి నరాలు, వాసన పసిగట్టేవి, చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో వంగి చూసుకున్నాడు. ఉన్నాయి. వేరే ఎవరు తీసినా ముందు తెగేవి అవే.

కుప్పం దాపున గుట్ట కింద ఉన్న ఆ మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణం చెప్పే విభాగానికి నల్లప్ప అటెండరు. పొట్టి మనిషి. యాభై ఏడేళ్ళకే జుట్టు పూర్తిగా నెరిసింది. మాట తక్కువ. మనిషితో పోలిస్తే చేతులు పెద్దవి. వేళ్ళు పొడుగ్గా, కణుపుల దగ్గర లావుగా, మందునీళ్ళకు పాలిపోయి ఉంటాయి. శవం తల కోసి మెదడును చిట్లకుండా తియ్యడం ఆ చేతులకు వచ్చినట్లు చుట్టుపక్కల ఇంకెవరికీ రాదని పెద్ద డాక్టర్లే అనేవాళ్ళు. ఆ మాట వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు. నల్లప్పతో అన్నది తక్కువ.

తొమ్మిదిన్నరకు మొదటి సంవత్సరం పిల్లలు తెల్లకోట్లతో లోపలికి వచ్చారు. ఉషా మేడం వెనక వచ్చి పళ్ళాలన్నీ ఒకసారి చూసింది.

"నల్లప్పా, తెర దించండి. పిల్లలకి ముందు ముద్దుకృష్ణ వీడియో చూపిద్దాం. తర్వాత నేను చెప్తే వీళ్ళకి తొందరగా ఎక్కుతుంది."

నల్లప్ప తెర దించాడు. వెనక్కి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

ముద్దుకృష్ణ ఇదే విభాగంలో ఇంకో అటెండరు. ఇద్దరూ ఒకేరోజు ఉద్యోగంలో చేరారు. ఒకే జీతం. పోయిన ఏడాది ముద్దుకృష్ణ రిటైరై పుంగనూరులో ఉన్న ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ వీడియో నాలుగేళ్ళ కిందట విద్యార్థులు సెల్‌ఫోన్‌లో తీసింది. మూడు లక్షల మంది చూశారట. బెంగళూరు నుంచి, విజయవాడ నుంచి పిల్లలు ఫోన్ చేసి "మెదడు అన్న ఉన్నారా" అని అడిగేవాళ్ళు.

తెర మీద ముద్దుకృష్ణ నవ్వుతూ నిలబడ్డాడు. దువ్విన మీసం, ఇస్త్రీ చొక్కా. అతని ముందు తొడుగులు వేసుకున్న రెండు చేతులు మెదడును పట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల మనిషి తెరలో లేడు. మోచేతుల దగ్గరే బొమ్మ తెగిపోయింది.

"సూడండమ్మా, ఇది పెద్ద మెదడు. ఊరికి రెండు వీధులున్నట్ల దీనికి రెండు పక్కలు. కుడిచెయ్యి ఎత్తల్లంటే ఎడమపక్క నుంచి ఆర్డరు రావల్ల. ఎడమ చెయ్యికి కుడిపక్క నుంచి. ఈ ముందర భాగం ఉండాదే, ఎవురితో ఎట్ల మాట్లాడల్ల, కోపమొస్తే ఎట్ల మింగల్ల, అదంతా దీని పని. చూపు ఎనకుండాది. కండ్లు ముందర పెట్టి చూపు ఎనక దాసిపెట్నాడు దేవుడు."

పిల్లలు నవ్వారు. తెర మీద చేతులు మెదడును తిప్పాయి.

"ఈ కింద క్యాబేజీ మాదిరి ఉండేది చిన్న మెదడు. తాగినోడు యాల తూలతాడో దీన్నడగండి. ఇంగ ఈ కాడ. బొటనవేలంత లేదు. ఊపిరి, గుండె, మింగేది, అంతా దీని చేతిలోనే. పైనుండేది సగం చెడినా మనిషి బతుకుతాడు. ఇది నలిగితే నిమిషం ఉండడు."

వీడియోలో ఎవరో అమ్మాయి అడిగింది. "మాట యాడుంటాది అన్నా?"

"ఎడమపక్క కణత లోపల. నా మాదిరి వాగేవోళ్ళకి రవంత లావుగా ఉంటాదేమో, ఎవురన్నా కోసి సూడండి."

గది మళ్ళీ నవ్వింది. నల్లప్ప గోడకు ఆనుకుని తెరమీది చేతుల్నే చూస్తున్నాడు. ప్రతిసారీ అతనికి కనబడేది ఒక్కటే. ముద్దుకృష్ణ చిన్న మెదడు అనకముందే చేతులు చిన్న మెదడును పైకి తిప్పాయి. కాడ అనకముందే వేలు కాడ కిందికి పోయింది. ముందు చెయ్యి, తర్వాత మాట. మూడు లక్షల మందిలో ఒక్కరికీ అది కనబడలేదు. పదిహేను నిమిషాలలో ముద్దుకృష్ణ ఒక్కసారైనా "ఇవి మా నల్లప్ప చేతులు" అనలేదు.

చేరిన రోజు నుంచే అంతే. ముద్దుకృష్ణ సోమల దగ్గర పల్లెలో భూములున్న ఇంటివాడు. బోర్లు ఎండి, టమోటా రెండేళ్ళు వరసగా ముంచాక ఉద్యోగానికి వచ్చాడు. నల్లప్ప నాయన ఆ సీమలోనే ఇంకో పల్లెలో కూలిపని చేసేవాడు. ఊళ్ళో ఎవరు పోయినా గుంత తవ్వడానికి పిలుపు వచ్చేది ఆయనకే. మొదటి రోజు బల్లమీద శవాన్ని చూసి ముద్దుకృష్ణ గడప దగ్గరే నిలబడిపోయాడు. "మా ఇంట్లో తెలిస్తే ఊరుకోరప్పా" అన్నాడు. అప్పటి ప్రొఫెసరు నల్లప్ప వైపు చూశాడు. నల్లప్ప తొడుగులు వేసుకుని ముందుకు వచ్చాడు. ముట్టుకునే పని అతనిదైంది. చూపించి చెప్పే పని మెల్లమెల్లగా ముద్దుకృష్ణదైంది. ఏళ్ళు గడిచేకొద్దీ విద్యార్థులు ముద్దుకృష్ణను 'సార్' అన్నారు. వెళ్ళిపోయేటప్పుడు అతనితో ఫొటోలు దిగారు. ఆ ఫొటోలు చాలావరకు నల్లప్పే తీశాడు.

నల్లప్ప కూడా ఒక పని చేశాడు. దాని గురించి భార్య అక్కమ్మకైనా చెప్పలేదు. పుర్రె పైచిప్ప తీశాక, పెద్ద మెదడుకూ చిన్న మెదడుకూ మధ్య డేరాగుడ్డలా ఒక పొర అడ్డంగా బిగిసి ఉంటుంది. లోపలికి కత్తి పోనిచ్చి, ఎముక అంచు వెంబడే దాన్ని రెండువైపులా కొయ్యాలి. అది కొయ్యకుండా లాగితే కాడ దగ్గర తెగిపోతుంది. అది కోసి, వెన్నుపాము దగ్గర ఒక్క కోత పెడితే మెదడు తనంత తానే అరచేతిలోకి జారుతుంది. ఆ పొర కోసే సమయానికి ముద్దుకృష్ణ పక్కన ఉంటే నల్లప్ప "అన్నా, నీళ్ళు రవంత పట్టుకురా" అనేవాడు. లేకపోతే భుజం అడ్డం తిప్పేవాడు. ఇరవై రెండేళ్ళు తిప్పాడు. ముద్దుకృష్ణ ఎప్పుడూ అడగలేదు. అడగడం లేదు కాబట్టి చేతిపనిని లెక్కలోకి తీసుకోవడం లేదనుకుని నల్లప్ప ఇంకా కుళ్ళుకున్నాడు.

ఆరు నెలల కిందట ముద్దుకృష్ణకు పక్షవాతం వచ్చింది. ఎడమపక్క మెదడులో రక్తం గడ్డకట్టింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఆ కబురు విన్న క్షణం నల్లప్ప లోపల ఒక చల్లదనం పాకింది. ఎండలో నడిచి వచ్చినవాడు కుండనీళ్ళు తాగినట్లు. అప్పుడే భయపడ్డాడు, తనకే. మదనపల్లె ఆస్పత్రికి ఒకసారి వెళ్ళాడు. ముద్దుకృష్ణ మంచంమీద ఒకవైపు జారిన మూతితో చూశాడు. ఎడమచేత్తో నల్లప్ప చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కాడు. గొంతులో "ఊ, ఊ" అని ఏదో మోత. ఏమి చెప్తున్నాడో నల్లప్పకు తెలియలేదు. చెయ్యి లాక్కుని, బస్సుకు టైమైందని వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

వీడియో అయిపోయింది. ఉషా మేడం పాఠం మొదలుపెట్టింది. పదకొండు కావస్తుండగా ఆమె ఫోన్ మోగింది. వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చి, నల్లప్పను పక్కకు పిలిచింది.

"ముద్దుకృష్ణ పోయాడంట. రెండు రోజుల కిందట మళ్ళీ స్ట్రోక్ వస్తే మదనపల్లెలో చేర్చారు. తెల్లారుజామున పోయాడు. ఇంటికి తెచ్చుకున్నారు."

నల్లప్ప చేతిలో గుడ్డ ఉంది. దాన్ని పిండాడు.

"దేహదానానికి రాసిచ్చాడు గదా, రిటైరయ్యేటప్పుడు. వాళ్ళావిడ స్వర్ణలత ఇప్పుడు నాకే ఫోన్ చేసింది. వచ్చి తీసుకుపొమ్మంటోంది. మీరు వెళ్తారా?"

"వెళ్తా మేడం."

బండి బయల్దేరింది. డ్రైవరు భరత్ వీకోట దాటేదాకా ఏదో ఒకటి మాట్లాడాడు. నల్లప్ప పలక్కపోయేసరికి పాటలు పెట్టి, మళ్ళీ తనే ఆపేశాడు. దారి పొడుగునా మామిడి తోపులు, వలలు కప్పిన టమోటా మళ్ళు, పలమనేరు దగ్గర పాలక్యాన్లు కట్టుకుని పోయే మోటారుసైకిళ్ళు. నల్లప్పకు దుఃఖం రాలేదు. దేహదానం కాగితం మీద సంతకం పెట్టినరోజు ముద్దుకృష్ణకు కాలేజీలో శాలువా కప్పారు. పేపర్లో ఫొటో పడింది. చచ్చి కూడా పదిమంది ముందర బల్లమీదనే ఉంటాడు, మళ్ళీ అందరూ వాణ్ణే చూస్తారు, అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు.

పుంగనూరులో ఆ ఇల్లు సంతవీధి వెనకాల. షామియానా కింద సోమల నుంచి వచ్చిన బంధువులు కుర్చీల్లో కూర్చున్నారు. నల్లప్ప ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. బండిని చూడగానే ముద్దుకృష్ణ తమ్ముడు శ్రీనివాసులు లేచాడు.

"వదినా, ఇంగోసారి ఆలోచన చెయ్. మన మనిషిని మన చేన్లో పెట్టుకోకుండా వీళ్ళ చేతికిచ్చేదేంది? కోస్తారు వాళ్ళు."

స్వర్ణలత గడపలో కూర్చుని ఉంది. లేవలేదు. గొంతు పెంచలేదు.

"కోసేదానికేనప్పా ఇచ్చింది. ఆయన బుద్ధి బాగున్నప్పుడే రాసినాడు. మాట పోయినాక నేను మార్చేదానికి లేదు."

శ్రీనివాసులు మళ్ళీ కూర్చున్నాడు. స్ట్రెచరు లోపలికి తెచ్చారు. ఎత్తడానికి బంధువులెవరూ ముందుకు రాలేదు. ఒకతను వచ్చినట్లే వచ్చి, కండువాతో చేతులు తుడుచుకుని ఆగిపోయాడు. భరత్ కాళ్ళు పట్టుకున్నాడు. నల్లప్ప భుజాల కింద ఒక చెయ్యి, తల కింద ఒక చెయ్యి పోనిచ్చాడు. మీసం పలచబడింది. ముఖంలో వంకర పోయి పాత ముద్దుకృష్ణలాగే ఉన్నాడు. తల బరువు అరచేతిలో నిలిచింది. ఎన్నో తలలు అలా పట్టుకున్నాడు. ఈ తలను మాత్రం గబుక్కున దించలేకపోయాడు.

కాగితాల మీద సంతకాలు అయ్యేలోగా పక్కింటివాళ్ళు కాఫీ తెచ్చారు. స్వర్ణలత నల్లప్పను పెరటి వైపు మెట్టు దగ్గరికి పిలిచింది.

"కూర్చో నల్లప్పన్నా. దూరం నుంచి వచ్చినావు."

అతను నిలబడే గ్లాసు అందుకున్నాడు. ఆమె బట్టలుతికే రాతిబండ వైపు చూస్తూ అంది.

"ఆయనకి నీమింద శానా కుళ్ళుండె. నీకు తెలుసునో లేదో."

నల్లప్ప గ్లాసు పెదవి దగ్గర ఆగింది. "నా మిందనా?"

"నీ మిందనే. కుప్పం నుంచి శనివారం సాయంత్రం వచ్చేవాడు గదా. ఆదివారం తెల్లార్తోనే మటనంగడికి పొయ్యి మేకతలకాయ తెచ్చేది. అదిగో, ఆ బండమింద పెట్టుకోని, రంపంబ్లేడుతో కోసేవాడు. కూరకి కాదు. మెదడు చిట్లకుండా తియ్యల్లంట, నువ్వు తీసినట్ల."

నల్లప్ప ఆ బండ వైపు తిరిగాడు.

"ఏడెనిమిదేండ్లు, నల్లప్పన్నా. ఒక్క ఆదివారం సక్కగా రాలే. లాగేటప్పటికి ఎనకతట్టు పుటుక్కుమనేది. కత్తి ఇసిరేసి, 'వానికెట్ల వస్తాదే, వానికెట్ల వస్తాదే' అని అన్నం గూడా తినేవాడు కాదు. మా బిడ్డ శ్వేత పెండ్లయి పోయిందాకా మేక మెదడు వేపుడు తిని తిని అసయ్యపడిపోయింది." ఆమె నవ్వబోయింది, రాలేదు. "అడగరాదా నల్లప్పన్నని, ఒకే కాడ పని చేస్తాండారు గదా అంటిని. 'మొదటిరోజు నేను ముట్టుకోను అంటి. వాడు ముట్టుకునె. ఇంగ ఏ మొగం పెట్టుకోని అడిగేది' అనె. 'మాటదేముంది, ఎవుడైనా చెప్తాడు. ఆ చేతులు నాకుంటేనా' అని ఊరకే అనేవాడు."

పెరట్లో రాతిబండ అంచు మీద సన్నని గీతలు ఉన్నాయి, రంపం ఆనినచోట. నల్లప్ప వాటిని లెక్కపెట్టబోయి, చూపు మరల్చాడు.

"లోపల అడ్డంగా ఒక పొర ఉంటాదమ్మా," అన్నాడు చివరికి. "డేరా మాదిరి. దాన్ని రెండుపక్కలా ముందు కొయ్యల్ల. అది కోస్తే ఎవురికైనా వస్తాది."

"అంతేనా?"

"అంతే."

స్వర్ణలత కొంచెంసేపు అతని చేతుల వైపు చూసింది. "ఆయనకి చెప్పింటే బాగుండు," అంది. నిందలాగా అనలేదు. సంతోషపడేవాడు అన్నట్లు అంది. నల్లప్పకు అది ఎక్కువ తగిలింది. కాఫీ ఒక గుక్కలో తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి, బండి దగ్గరికి నడిచాడు.

తిరుగు దారిలో ముందు సీటులో కాక వెనక స్ట్రెచరు పక్కన కూర్చున్నాడు. భరత్ వద్దన్నా వినలేదు. పలమనేరు దాటాక రోడ్డు మలుపుల్లో దేహం పక్కకు ఒరగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆస్పత్రిలో ఆ వేళ్ళ నొక్కుడు గుర్తొచ్చింది. జాలి పుట్టాల్సిన చోట మళ్ళీ పాత మంటే పుట్టింది, ఇంకో రకంగా. వీడు తన కుళ్ళును పెళ్ళాం దగ్గర, బిడ్డ దగ్గర నోరారా చెప్పుకున్నాడు. ఆదివారం ఆదివారం చేతులు నెత్తురు చేసుకుని కడుక్కున్నాడు. నేను అక్కమ్మకు ఒక్కమాట చెప్పలేదు. కుళ్ళుకోవడంలో కూడా వీడే నాకంటే మేలు. ఇరవై మూడేళ్ళలో నల్లప్ప ముద్దుకృష్ణతో మనసులోనైనా పెద్దగా మాట్లాడింది లేదు. ఇప్పుడు పెదవులు కదిలాయి.

"అడగల్ల గదన్నా," అన్నాడు. కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు. "నేనైనా చెప్పల్ల."

కాలేజీ చేరేసరికి పొద్దు గుట్టవెనక్కి వాలుతోంది. ఉషా మేడం ఎదురుచూస్తూ ఉంది. దేహాన్ని బల్లమీదికి చేర్చాక ఒక నిమిషం తలవంచుకుని నిలబడింది.

"దేహం చెడిపోకుండా మందు ఎక్కించడానికి నేను వేరేవాళ్ళని పిలిపిస్తాను నల్లప్పా. మీరు ఇంటికి వెళ్ళండి. ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు."

"వద్దు మేడం. నేనే చేస్తా."

"తర్వాత తల తెరిచేటప్పుడు? ఆ స్ట్రోక్ మచ్చ పిల్లలకి చూపించాలి. ఎడమపక్క మెత్తబడి ఉంటుంది. జాగ్రత్తగా తియ్యకపోతే అక్కడే విడిపోతుంది."

"అదీ నేనే చేస్తా." నల్లప్ప తొడుగులు తీసుకున్నాడు. వేసుకోకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఆరోజు పిల్లల్ని పిలవండి మేడం. దగ్గరగా నిలబడమనండి. ఆ పొర ఎట్ల కొయ్యల్లో నేను చెప్తా."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మీరు చెప్తారా?"

"నాకొచ్చినట్ల చెప్తా."

ఆమె తలూపి, కాగితాల మీద సంతకం పెట్టి వెళ్ళింది.

నల్లప్ప తలుపు దగ్గరికి వేశాడు. తొడ దగ్గర రక్తనాళం వెతికి, చిన్న కోత పెట్టి, గొట్టం పోనిచ్చి, పైన వేలాడే డబ్బా కుళాయి తిప్పాడు. మందు సన్నగా దిగడం మొదలైంది. అది ఒళ్ళంతా పాకడానికి రెండు గంటలైనా పడుతుంది. ఈలోగా బట్టలు విప్పి మడతపెట్టాలి. ఇంట్లో స్నానం చేయించి తొడిగిన కొత్త తెల్లచొక్కా, అంచు పంచె. గుండీలు ఒక్కొక్కటే తీశాడు. పడిపోయిన కుడిచేతిని చొక్కాలోంచి తియ్యడానికి కొంచెం తిప్పలైంది. బిగుసుకున్న వేళ్ళను మెల్లగా సాగదీసి, అరచెయ్యి తెరిచి, తన అరచేతిలో కాసేపు పెట్టుకున్నాడు. మెత్తటి చెయ్యి. చూపుడు వేలి పక్కన మాత్రం ఒక పాత గాటు, రంపంబ్లేడు జారితే పడేలాంటిది.

చొక్కా జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూశాడు. నాలుగు మడతలు పెట్టిన ప్లాస్టిక్ అట్ట. మాట పోయినవాళ్ళు వేలితో చూపించడానికి మదనపల్లెలో ఇచ్చింది అయ్యుండాలి. పదహారు గళ్ళు, గడికొక బొమ్మ. నీళ్ళు, అన్నం, కాఫీ, మంచం, ఫ్యాను, నొప్పి, దుప్పటి. స్నానం చేయించి కొత్త చొక్కా తొడిగాక, మళ్ళీ అవసరమవుతుందన్నట్లు ఎవరో దాన్ని ఆ జేబులో పెట్టారు.

బట్టలు సంచిలో వేసి, సంచి మీద పేరు రాసి, నల్లప్ప డబ్బాలో మందు ఎంత దిగిందో చూడటానికి వెళ్ళాడు. అట్టను సంచిలో వెయ్యడం మరిచిపోయాడు. బల్ల చివర అది మడతలు సగం విప్పుకుని పడి ఉంది. నొప్పి బొమ్మ ఒక్కసారీ వేలు పడనట్లు కొత్తగా, నిగనిగలాడుతూ ఉంది. కాఫీ బొమ్మ దగ్గర వేలు ఆని ఆని రంగంతా పోయి, గ్లాసు అంచు ఒక్కటే మిగిలింది.